లజుతినా ఖాతాలో పతకాలు పదా, ఏడా?

2002 ఫిబ్రవరి 24, సాల్ట్‌లేక్ సిటీ ఒలింపిక్స్ ఆఖరి రోజు. మహిళల 30 కిలోమీటర్ల స్కీ రేసులో రష్యాకు చెందిన లరీసా లజుతినా అందరికంటే ముందు గీత దాటింది. ఆ స్వర్ణం నిలిచి ఉంటే ఆమెకు అది పదో ఒలింపిక్ పతకం, సోవియట్ దిగ్గజం రైసా స్మెతానినాతో సమానం. రికార్డుల్లో ఇప్పుడున్నవి మాత్రం ఏడే.

లజుతినా 1965లో కరేలియాలోని కొందొపోగాలో పుట్టింది. తోటి రష్యా స్కీయర్లు యెలెనా వ్యాల్బె, ల్యుబోవ్ యెగొరోవా ఏలుతున్న కాలంలో ఒలింపిక్స్‌లో చాలాకాలం ఆమెకు దక్కినవి రిలే స్వర్ణాలే. 1995లో థండర్ బే ప్రపంచ పోటీల్లో ఐదు రేసులకు నాలుగు గెలిచాక లెక్క మారింది. 1998 నగానో ఒలింపిక్స్‌లో ఐదు రేసుల్లోనూ పతకాలు: మూడు స్వర్ణాలు, ఒక రజతం, ఒక కాంస్యం. 'రష్యా హీరో' బిరుదు కూడా వచ్చింది.

ఈ ఆటంతా ఊపిరి మీదే నడుస్తుంది. కండరాలకు ఆక్సిజన్ మోసే ఎర్ర రక్తకణాలు ఎక్కువుంటే అలసట ఆలస్యమవుతుంది. వాటిని పెంచే ఈపీవో అనే హార్మోన్‌ను మందుగా వాడితే పట్టుకునే పరీక్ష 2000 దాకా ఒలింపిక్స్‌లో లేదు. అందుకే స్కీ సమాఖ్య ఆ కణాల్లో ఆక్సిజన్ మోసే హీమోగ్లోబిన్‌కు హద్దు పెట్టింది. మహిళలకు డెసిలీటరుకు 16 గ్రాములు. దాటితే నేరం కాదు, ఆ రోజు పరుగు ఉండదు, అంతే. మందు మీద కాక దాని ఫలితం మీద పెట్టిన కాపలా అది.

అలాగని డోపింగ్ రష్యా ఒక్కదాని జబ్బేమీ కాదు. 1997లో ట్రోండ్‌హైమ్ ప్రపంచ పోటీల్లో యెగొరోవా బ్రోమంటాన్ అనే నిషేధిత ఉత్ప్రేరకంతో దొరికితే, 2001లో సొంతగడ్డ లాహ్తిలో ఆరుగురు ఫిన్లాండ్ స్కీయర్లు పట్టుబడ్డారు.

సాల్ట్‌లేక్‌లో ఫిబ్రవరి 21న రిలేకు ముందు లజుతినా రక్తంలో హీమోగ్లోబిన్ హద్దు దాటింది. వేరే అమ్మాయిని దించే సమయం లేక రష్యా జట్టే తప్పుకుంది. 1992 నుంచి వాళ్లదే ఆ స్వర్ణం. మండిపడ్డ రష్యా అధికారులు ఒలింపిక్స్ వదిలి వెళ్లిపోతామన్నారు. మూడు రోజుల తర్వాత 30 కిలోమీటర్ల విజయం, వెంటనే డోప్ ఫలితం: ఈపీవో లాంటిదే అయిన డార్బెపోయెటిన్. ఓల్గా దనిలోవా, స్పెయిన్ తరఫున ఆడిన యోహాన్ మ్యూలెగ్ కూడా దాంతోనే దొరికారు. రక్తహీనత రోగుల కోసం 2001లో మార్కెట్లోకి వచ్చిన మందు అది. కొత్తది కదా, ఎవరూ వెతకరనుకున్నారేమో. కానీ ఒంట్లో ఎక్కువకాలం నిలిచేలా తయారైన మందు మరి, పరీక్షలో దొరకకుండా పోతుందా!

30 కిలోమీటర్ల స్వర్ణం ఇటలీకి చెందిన గాబ్రియెల్లా పరూజ్జికి వెళ్లింది. ఒలింపిక్స్‌కు ముందు, 2001 డిసెంబర్‌లో ఇచ్చిన నమూనాలోనూ మందు తేలడంతో, సాల్ట్‌లేక్‌లో 15 కిలోమీటర్ల రేసులో, రెండు దశల్లో సాగే పర్స్యూట్ రేసులో ఆమె గెలిచిన రెండు రజతాలూ 2003లో పోయాయి. పర్స్యూట్‌లో దనిలోవా, లజుతినాల వెనక మూడో స్థానంలో వచ్చిన కెనడా అమ్మాయి బెకీ స్కాట్‌కు ముందు రజతం, చివరికి 2004లో వాంకూవర్‌లో స్వర్ణం ఇచ్చారు. రేసు గెలిచిన రోజు దక్కాల్సిన వేదిక మాత్రం ఆమెకు ఎవరూ తిరిగివ్వలేదు. నాకు ఈ కథలో అన్నిటికంటే అన్యాయంగా తోచేది అదే.

రెండేళ్ల నిషేధంతో లజుతినా కెరీర్ ముగిసింది. ఆ తర్వాత మాస్కో ప్రాంత శాసనసభలో సభ్యురాలైంది. ఒదింత్సొవోలో రోలర్ స్కీ ట్రాక్‌కు ఇప్పటికీ ఆమె పేరే. నగానో పతకాల జోలికి ఎవరూ పోలేదు. వాటి మీద ఆధారం లేదు, అప్పట్లో ఆధారం దొరికే పరీక్షా లేదు.