చైనీయులకు ఇంగ్లిష్ ‘ఓపెన్’ నేర్పడం: అపోహలు - వాస్తవాలు

అపోహ: ‘ఓపెన్’ తేలిక మాట. చైనీస్‌లో ‘ఖాయ్’ అని చెప్పేస్తే చాలు.

వాస్తవం: చిక్కంతా అక్కడే మొదలవుతుంది. ‘ఖాయ్’ తలుపు తీయడం ఒక్కటే కాదు. లైటు వేసినా, కారు నడిపినా, మీటింగు పెట్టుకున్నా, డాక్టరు మందులు రాసినా, పువ్వు విచ్చుకున్నా, నీళ్లు మరిగినా అదే క్రియ. అందుకే ‘ఓపెన్ ద లైట్’, ‘ఓపెన్ ద కార్’ లాంటివి వస్తాయి. మొదటిది తప్పయినా ఎదుటివాళ్లకు అర్థమవుతుంది. రెండోదానికి మాత్రం వాళ్లు వెళ్లి కారు తలుపు తీస్తారు. ‘ఓపెన్ ఎ మీటింగ్’ అంటే సభను లాంఛనంగా ప్రారంభించడం, మీటింగులో కూర్చోవడం కాదు. అర్థం మారిపోయే ఇలాంటి వాటినే ముందు దిద్దాలి.

అపోహ: ‘ఓపెన్ ద లైట్’ చైనీయులకే పరిమితం.

వాస్తవం: ఫిలిప్పీన్స్‌లోనూ వినిపిస్తుంది. అక్కడి టగలోగ్ భాషలో కూడా తలుపుకూ దీపానికీ ఒకే క్రియ. మనం తలుపు తీస్తాం, లైటు వేస్తాం. కాబట్టి మనకు ఈ తప్పు రాదు, ‘పుట్ ద ఫ్యాన్’ వస్తుంది.

అపోహ: కరెంటు వస్తువుల దగ్గర ‘ఓపెన్’ వాడకూడదు.

వాస్తవం: ఫోన్ ‘టర్న్ ఆన్’ చేస్తాం, అందులో యాప్ ‘ఓపెన్’ చేస్తాం. లోపల ఉన్నది కనబడేలా, అందేలా చేస్తే ‘ఓపెన్’. కరెంటో నీళ్లో గ్యాసో పారడం మొదలైతే ‘టర్న్ ఆన్’. కుళాయికి ‘టర్న్ ఆన్’ అన్నా, పైపు వాల్వుకు ‘ఓపెన్’ అనే అంటారు. ఆ మినహాయింపును విడిగా చెప్పాలి. బ్యాంకు ఖాతా, దుకాణం విషయంలో ‘ఖాయ్’, ‘ఓపెన్’ చక్కగా కలుస్తాయి. చైనీస్‌లో ‘ఖాయ్’ అనే చెప్పే ఇన్వాయిస్‌కు ‘ఇష్యూ’, మందులకు ‘ప్రిస్క్రైబ్’ నేర్పాలి.

అపోహ: ‘ద షాప్ ఈజ్ క్లోజ్డ్’ ఒప్పయితే ‘ద షాప్ ఈజ్ ఓపెన్డ్’ కూడా ఒప్పే.

వాస్తవం: అన్నిటికన్నా మొండి తప్పు ఇదే. దీనికి ‘ఖాయ్’ని నిందించి లాభం లేదు, ఇంగ్లిష్‌లోనే ఈ జోడీ కుదరలేదు. ‘ఓపెన్’ క్రియగానూ విశేషణంగానూ అదే రూపంలో నిలుస్తుంది. మూసి ఉన్న స్థితికి మాత్రం ‘క్లోజ్డ్’ కావాలి. విశేషణంగా ‘క్లోస్’ అంటే దగ్గర, పలికేది కూడా ‘స’తోనే. ‘ఓపెన్డ్’ తప్పని ఒక్కమాటలో దిద్దితే విద్యార్థి మర్నాడు ‘ద షాప్ ఈజ్ క్లోజ్’ అంటాడు. చైనీస్ క్రియలకు కాలాన్ని బట్టి రూపం మారదు, అందుకే చివరి ‘డ్’ చెవికి ఆనదు. రెండు ప్రశ్నలు అలవాటు చేయించండి. ఇప్పుడెలా ఉంది? ‘ఓపెన్’ లేదా ‘క్లోజ్డ్’. ఎప్పుడు జరిగింది? ‘ఓపెన్డ్ ఎట్ నైన్’, ‘క్లోజ్డ్ ఎట్ సిక్స్’.

అపోహ: అర్థాల జాబితా బట్టీ పడితే వచ్చేస్తుంది.

వాస్తవం: జాబితా గుర్తుంటుంది, మాట్లాడేటప్పుడు నోటికి రాదు. క్రియను కాక వస్తువును పట్టుకుని నేర్పాలి. పది కార్డుల మీద కిటికీ, హీటర్, సీసా, టీవీ, ఫైలు లాంటి బొమ్మలు వేసి కలిపేయండి. చైనీస్ అక్షరాలు రాయొద్దు. అవి కనబడగానే ‘ఖాయ్’ తలపుకొచ్చి నోటి నుంచి ‘ఓపెన్’ జారిపోతుంది. కార్డు చూసి విద్యార్థి పూర్తి వాక్యం చెప్పాలి. కుళాయి, ల్యాప్‌టాప్ చివరికి ఉంచండి: ల్యాప్‌టాప్ మూతకు ‘ఓపెన్’, మెషీనుకు ‘టర్న్ ఆన్’, రెండూ ఒప్పే.