పేనుబంకకు శిలీంధ్రపు మందు: అపోహలు - వాస్తవాలు

అపోహ: కొట్టిన రెండో రోజుకు పేనుబంక చావలేదంటే ప్యాకెట్లో ఉన్నది ఉత్త సుద్దపొడి.

నకిలీ సరుకు లేదని కాదు. కానీ ఎక్కువ నష్టం ఈ తొందరవల్లే. ఈ మందుల్లో ఉండే వెర్టిసీలియమైనా బవేరియా అయినా విషం కాదు, ప్రాణమున్న శిలీంధ్రం, అంటే బూజు జాతి. దాని బీజం పురుగు ఒంటిమీద పడి, తడి దొరికితే దాదాపు ఒక రోజులో మొలకెత్తుతుంది. ఆ మొలక లైపేజ్, ప్రోటియేజ్, కైటినేజ్ ఎంజైములతో పైనున్న మైనపు పొరనూ కింది ప్రోటీన్‌నూ, ఒంటి పెంకుకు గట్టిదనమిచ్చే కైటిన్‌నూ కరిగించుకుంటూ లోపలికి దిగుతుంది. పురుగు చావడానికి 4 నుంచి 7 రోజులు పడుతుంది. ఈలోగా పిల్లపురుగు కుబుసం విడిస్తే బీజాలు దాంతోపాటే ఊడిపోతాయి. తల్లులేమో మగవాటితో పనిలేకుండా పిల్లల్ని పెడుతూనే ఉంటాయి. అందుకే 5-7 రోజుల తేడాతో రెండోసారి కొట్టక తప్పదు.

కంగారుపడి మధ్యలో రసాయన మందు కొడితే పేనుబంకను తినే అక్షింతల పురుగులు కూడా పోతాయి. మిగిలిన పేనుబంకకు ఇక అడ్డే ఉండదు.

ఆకు మీద తెల్లటి పొట్టు చూసి పనైపోయిందనుకోవద్దు, అవి కుబుసాలు. అనుమానముంటే పురుగులున్న ఆకును తడి కాగితం పరిచిన డబ్బాలో పెట్టి, నీడలో మూడు నాలుగు రోజులు ఉంచండి. చచ్చిన పురుగు మీద తెల్లటి బూజు లేస్తే మందు పనిచేసినట్టే.

గ్రాముకు 10 కోట్ల బీజాలుండే పొడిని సాధారణంగా లీటరుకు 5 గ్రాములు వాడతారు. లేబుల్ మీద వేరే మోతాదుంటే అదే పాటించండి. ముందు కొద్ది నీళ్లలో జావలా కలిపి, గుడ్డతో వడకట్టి ట్యాంకులో పోయాలి, లేకపోతే నాజిల్ మూసుకుపోతుంది. ఎండ తగ్గాక, ఆకు అడుగు తడిసేలా కొట్టాలి. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు బీజాలు గంటల్లోనే చస్తాయి. గాలిలో తేమ లేనప్పుడు, 35 డిగ్రీలు దాటిన వేడిలో ఫలితం ఆశించకండి.

అపోహ: శిలీంధ్రం లేకున్నా, కైటిన్‌ను కరిగించే కైటినేజ్ ద్రావణం ఒక్కటే చాలు. చాలదు. కైటిన్ మైనపు పొర కింద ఉంది. పేనుబంక ఆకు మీది మందును నమిలి మింగదు, లోపలి రసం పీలుస్తుంది.

అపోహ: బెల్లం కలిపితే బలం. ట్యాంకులో ఉండే ఆ కాసేపట్లో శిలీంధ్రం పెరిగేదేమీ లేదు. ఆకు మీది తీపికి మసి తెగులు, చీమలు వస్తాయి. ఆ చీమలే పేనుబంకకు కాపలా. కలపాల్సింది జిగురు మందు, అదీ లీటరుకు అర మిల్లీలీటరు. వేపనూనె ఎక్కువైతే బీజాల మొలక దెబ్బతింటుంది.

అపోహ: మాంకోజెబ్‌తో కలిపి ఒకేసారి కొట్టేయొచ్చు. అది శిలీంధ్రనాశిని! కనీసం వారం ఎడం ఇవ్వండి.

అపోహ: జీవసంబంధమైనది కాబట్టి దేనికీ హాని లేదు. 1835లో ఇటలీ శాస్త్రవేత్త అగస్టినో బస్సీ పట్టుపురుగులను చంపుతున్నదిగా గుర్తించిన శిలీంధ్రమే ఈ బవేరియా, దాని పూర్తి పేరు బవేరియా బాసియానాలో రెండో మాట ఆయన పేరు మీదే పెట్టారు. మల్బరీ తోటల దగ్గర, పట్టుపురుగుల షెడ్ల దగ్గర దాన్ని కొట్టకండి.