మూడొందల బొమ్మ గురించి నా సంజాయిషీ

చిన్నూ, బుజ్జీ,

దసరా సెలవులకొచ్చినప్పుడు మీరిద్దరూ కలిసి నన్ను నిలదీశారు, గుర్తుందా? "ఇంత కష్టపడి నీటిరంగుల బొమ్మ వేసి 300 రూపాయలకే ఇచ్చేస్తావేంటి అమ్మమ్మా, ఒక బొమ్మ స్కాన్ చేసి వంద ప్రింట్లు తీస్తే పోలా?" అని. అప్పుడు పూరీలు మాడిపోతున్నాయని వంటింట్లోకి తప్పించుకున్నాను. ఇప్పుడు చెబుతాను, కాస్త పెద్దదే.

ముందు రంగుల సంగతి. నీటిరంగు అంటే ముఖ్యంగా రంగుపొడి, తుమ్మజిగురు. నీళ్లు కలిపి కాగితం మీద పెడితే నీళ్లు ఆరిపోతాయి, రంగు గింజలు కాగితం గరుకులోకి దిగి జిగురుతో అంటుకుంటాయి. అల్ట్రామెరీన్ అనే నీలం ఉంది, అది నున్నగా పరుచుకోదు, సన్న ఇసుక చల్లినట్టు పడుతుంది. దాన్లో ఇటుకరంగులాంటి బర్న్‌ట్ సియెన్నా కలిపితే వచ్చే బూడిదరంగు చూడాలి, అచ్చం మన ఖాజాగూడ గుట్టల మీది బండరాయే. ఆ రాళ్ల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు, నేనేమో పావుగంటలో వేసేస్తాను! నిజానికి నా గొప్పేం లేదు, ఆ గరుకంతా రంగే తెచ్చిపెడుతుంది.

తెలుపు మాత్రం డబ్బాలోంచి రాదు. మనం ముట్టుకోకుండా వదిలేసిన కాగితమే తెలుపు. ఇది నాకు ఏడాదైనా ఒంటబట్టలేదు. బ్యాంకులో 31 ఏళ్లు క్యాషియర్‌గా చేశానా, వోచర్‌లో ఏ గడీ ఖాళీగా వదలకూడదన్న అలవాటు, హుస్సేన్‌సాగర్ నీళ్ల మీద మెరుపు కోసం వదలాల్సిన చోట కూడా రంగు పూసేసి, తర్వాత బ్లేడుతో గోకీ గోకీ కాగితానికి చిల్లు పెట్టుకునేదాన్ని.

ఇక మన ఎండలు. మే నెలలో ఆకాశం వేస్తుంటే ఇటు చివరికి వచ్చేసరికి అటు చివర ఆరిపోతుంది, మధ్యలో గీత పడుతుంది. అందుకని ఫ్యాను కట్టేసి చెమటలు కారుస్తూ వేస్తాను, మీ తాతయ్య సణుగుతూనే ఉంటారు. జులై ముసురులో అదే ఆకాశం ఎంతసేపటికీ ఆరదు, రంగు తనిష్టమొచ్చిన చోటికి పాకుతుంది. అందుకే గండిపేట చెరువుని నేను ఎన్నిసార్లు వేసినా ఏ రెండూ ఒకేలా రాలేదు. ప్రింటు తప్పని కాదు, కానీ ఆ రోజు ఎండా ఆ రోజు తడీ దాంట్లో ఉండవు.

డబ్బు దగ్గరికొద్దాం. మొదట్లో ఊరికే పంచాను. ఒక చుట్టాలింటికి వెళితే నేనిచ్చిన చార్మినార్ ఫ్రిజ్ మీద పాత పేపర్ల కింద ఉంది, దాని మీద సాంబారు మరక. కోపం రాలేదని అబద్ధం చెప్పను.

తర్వాత మన వీధిలో కర్రీ పాయింట్ పెట్టుకున్నావిడ, వానలో తన కొట్టు వేశానని తెలిసి, "ఎంతమ్మా?" అంది. ఊరికే తీసుకోమన్నా వినలేదు. 200 రూపాయలు, అన్నీ పది నోట్లే, చేతిలో పెట్టింది. నేను అలవాటుకొద్దీ రెండుసార్లు లెక్కపెట్టాను, సిగ్గేసింది. వారం తర్వాత చూస్తే బొమ్మని పొయ్యి పక్కన వెంకన్న క్యాలెండర్ పక్కనే తగిలించింది, నూనె ఆవిరి నేరుగా తగిలేలా! నేనే తెచ్చి అద్దం ఫ్రేము కట్టించాను, అద్దానికి కాగితం అంటుకుంటే పాడవుతుంది కనుక మధ్యలో మౌంటు, అంటే బొమ్మ చుట్టూ మందపాటి అట్ట అంచు, పెట్టించి, ఎండ నేరుగా పడని గోడ చూపించాను. కొన్ని ఎరుపులు ఎండకి వెలిసిపోతాయి మరి. ఇప్పుడక్కడ కూర కట్టించుకునేవాళ్లు "ఇది ఈ కొట్టేనా?" అని అడుగుతుంటారట.

ఐదువేలు చెబితే ఆవిడ నన్ను ధరే అడిగేది కాదు, పిల్లలూ. అదీ సంగతి. 22 ఇంచీల వెడల్పు, 30 ఇంచీల పొడవు ఉన్న కాటన్ కాగితం షీటు, 300 జీఎస్ఎమ్‌ది (అంటే చదరపు మీటరుకి 300 గ్రాముల బరువుండే మందపాటిది), కొంటే ఎనిమిది ముక్కలొస్తాయి. కాగితం, రంగు, మౌంటు అన్నీ వేసుకున్నా 300లో నాకు చాయ్, ఉస్మానియా బిస్కెట్లకి మిగులుతుంది. కానీ ఒక మాట, నాకు పెన్షన్ వస్తుంది కాబట్టే ఈ ధర చెల్లుతోంది. బొమ్మలతోనే ఇల్లు గడుపుకునేవాళ్ల దగ్గరికెళ్లి "మా అమ్మమ్మ 300కే ఇస్తుంది" అని బేరమాడారో, మీ చెవులు మెలిపెడతాను.

సంక్రాంతికి వచ్చేటప్పుడు పాత కాటన్ టీషర్టులు రెండు తెండి, బ్రష్ ఒత్తుకోవడానికి. నోట్లు లెక్కపెట్టేటప్పుడు వేలు తడుపుకునే నా స్పాంజి డబ్బాతోనే ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాను, ఆ స్పాంజి చిరిగిపోయింది. ఖాజాగూడకి పొద్దున్నే వెళదాం, ఎండెక్కితే మీరు గుట్ట ఎక్కరు.

మీ అమ్మమ్మ