అరిగిన టైరు ఎవరి లెక్కలో ఉంది? హైవే పక్క గుట్టల వెనకున్న నలభై ఏళ్ల కథ

కావలి దాటి ఒంగోలు వైపు పోతుంటే హైవే పక్కన ఒక పంక్చర్ షాపుంది. రేకుల షెడ్డు, ముందు కంప్రెసర్, ట్యూబు ముంచి చూసే నీళ్ల తొట్టి. షెడ్డు వెనక్కి పోయి చూస్తే నడుమెత్తున పాత టైర్లు. అడుగునున్నవి ఎప్పటివో ఏమో, వాటి నడిమధ్యలోంచి జిల్లేడు మొక్క మొలిచి పైకి తేలింది. కార్తీక మాసంలో వానలు తెరిపిచ్చిన మూడో రోజు అక్కడ ఆగాను. ఒక లారీ టైరును కాలితో ఒత్తితే లోపలి నుంచి నల్లటి నీళ్లు బొళుక్కున కారాయి. ఆ నీళ్లలో తలకిందులుగా వేలాడుతూ, నీడ పడగానే మెలికలు తిరుగుతూ అడుక్కి మునిగే దోమ పురుగులు.

"ఎన్నుండాయన్నా?" అనడిగాను.

"లెక్కెవురు పెట్టారన్నా. పాత ఇనుపోళ్లు వస్తే ఎత్తకపోతారు. రాకుంటే ఇట్టే పడుంటాయి."

"ఏడికి తీసకపోతారు?"

"ఆ సంగతి మాకేం తెలుసు."

ఆయన అబద్ధం చెప్పలేదు. కొత్త టైరు ఫ్యాక్టరీ గేటు దాటగానే దాని బరువు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్లో ఒక లెక్కకు ఎక్కుతుంది. అదే టైరు కృష్ణపట్నం బొగ్గు మోసి, చీమకుర్తి రాళ్లు మోసి, అరిగి, ఈ షెడ్డు వెనక పడ్డాక ఎవరి పుస్తకంలోనూ కనపడదు. చట్టం లేక కాదు. ఆ చట్టం ఏ సంఘటన కడుపున పుట్టిందో ఆ సంఘటన వైపే చూస్తూ ఉండిపోయింది. ఈ కథ చెప్పాలనుకున్నది అందుకే.

మన ఊళ్లలో పాత టైరు చాలాకాలం చెత్త కాదు. టైరు చెప్పులు ఎన్ని పొలాలు, ఎన్ని ముళ్ల దారులు నడిచాయో లెక్కలేదు. కర్ర చక్రాల ఎద్దుల బండి పోయి టైరు బండి వచ్చింది. తీరంలో పడవలు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా పక్కలకు కట్టేది పాత టైర్లే, గడ్డివామి మీద పట్టా గాలికి లేవకుండా బరువు పెట్టేదీ అవే. ఇవన్నీ నడిచింది నైలాన్ టైరు కాలంలో. నైలాన్ టైరు లోపల గుడ్డ పొరలుంటాయి, అంచు కమ్మీ తీసేస్తే మిగతాదంతా కత్తికి తెగుతుంది. లారీలకు రేడియల్ టైర్లు వచ్చాక కథ మారింది. రేడియల్ బటన్ (రోడ్డుకు తగిలే పై రబ్బరు) కింద ఉక్కు తీగల పట్టీలుంటాయి, ఆ తీగల మీద చెప్పులు కోసే కత్తి ఆడదు. రోడ్డు మీద ఎక్కువ దూరం నడిచే మంచి టైరే, అరిగాక ఊరి చేతికి పనికిరాని టైరైంది. గుట్టలు పెరగడానికి వాహనాలు పెరగడం ఒక్కటే కారణమనుకుంటాం గానీ, ఈ ఉక్కు తీగ పాత్ర చిన్నది కాదు.

రెండో జన్మ ఇంకొకటుంది, రీబటన్. మన హైవే మీద లారీ ఓనర్ల బతుకు సగం దాని మీదే నడిచింది. అరిగిన టైరును బఫింగ్ మిషను మీద గీకి, జిగురు పూసి, కొత్త బటన్ రబ్బరు చుట్టి, వేడిమీద ఉడికిస్తే మళ్లీ రోడ్డెక్కుతుంది. ఈ రోజు దేశమంతా తెలిసిన ఎమ్మారెఫ్ కూడా 1946లో మద్రాసులో బొమ్మ బెలూన్లతో మొదలై, 1952లో బటన్ రబ్బరు తయారీలోకి దిగింది. టైర్లు చేసింది ఆ తర్వాతే. టైరు మొత్తం బరువులో రోడ్డుకు అరిగిపోయేది కొద్ది భాగమే, కేసింగు (బటన్ కిందుండే టైరు ఒడలు) బాగుంటే దాన్ని పారేయడమంటే బావి ఉండగా చేద అరిగిందని బావి పూడ్చినట్టు. ఓవర్‌లోడు కేసింగును చంపుతుంది. గ్రానైటు దిమ్మెలు మోసే బండ్ల టైర్లు రీబటన్ దాకా రాకుండానే పక్కలు పగిలి పోవడం చీమకుర్తి రోడ్డు మీద చూస్తూనే ఉంటాం. దీనికి తోడు చైనా నుంచి చౌక ట్రక్కు రేడియళ్లు వచ్చిపడ్డాయి. కొత్తదే అంత తక్కువకు దొరికితే పాతదానికి ఖర్చుపెట్టేదెవరు? 2017 సెప్టెంబరులో వాటిమీద యాంటీ డంపింగ్ సుంకం (మరీ చౌక దిగుమతులను ఆపే పన్ను) వేశారు. జీఎస్టీలో 2019 జనవరి నుంచి రీబటన్ టైరుకు 18 శాతం, కొత్త టైరుకు 28 శాతం ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త టైరు కూడా 18కి దిగింది. లారీ ఓనరుకు అది మంచి వార్తే, కాదనను. కానీ పాత టైరును ఇంకోసారి నడిపించడానికి పన్నులో ఉన్న ఆ పది శాతం ఆసరా దాంతో పోయింది.

ఇక బయటి కథ. టైరును ఇంత మొండిదాన్ని చేసింది 1839లో చార్లెస్ గుడియర్ కనిపెట్టిన పద్ధతి. రబ్బరులో గంధకం కలిపి వేడిచేస్తే దాని పోగులు ఒకదానికొకటి ముడిపడిపోతాయి. ఎండకు మెత్తబడదు, చలికి బిగుసుకోదు. అలాగే కరిగించి మళ్లీ పోతపోయడానికీ లొంగదు. ప్లాస్టిక్ బకెట్టు కరిగించి ఇంకో బకెట్టు చేయొచ్చు, టైరును కరిగించి టైరు చేయలేం. చట్టాలన్నీ చివరికి ఈ ముడి దగ్గరే చిక్కుకున్నాయి.

అమెరికాలో ఆ చిక్కు నిప్పుగా బయటపడింది. 1983 అక్టోబరులో వర్జీనియా రాష్ట్రం వించెస్టర్ దగ్గర ఒక లోయలో పోగేసిన దాదాపు 70 లక్షల టైర్లు అంటుకున్నాయి. నెలల తరబడి కాలుతూనే ఉన్నాయి. కాలే టైరు పొగ ఒక్కటే వదలదు, కరిగి నూనె కూడా కారుస్తుంది. ఆ నూనె వాగులోకి దిగింది. టైరు గుట్టలో పైన నీళ్లు పోస్తే లోపలికి చేరవు, ప్రతి టైరూ లోపల గాలి దాచుకున్న బుర్రే కదా. 1990లో కెనడాలోని హేగర్స్‌విల్‌లో కోటికి పైగా టైర్లు 17 రోజులు మండాయి. 1990 నాటికి అమెరికాలో గుట్టలుగా పడున్న టైర్లు వంద కోట్లని అంచనా. మినెసోటా రాష్ట్రం 1980ల నడుమ మొట్టమొదటి టైరు చట్టం తెచ్చింది, తర్వాత ఒక్కో రాష్ట్రం అదే దారి పట్టింది. ఆ చట్టాల్లో ఎక్కువ భాగం గుట్టను కళ్లముందు పెట్టుకుని రాసినవి. కొత్త టైరు కొన్నప్పుడు చిన్న రుసుము (కాలిఫోర్నియాలో ఇప్పుడు ఒక్కో టైరుకు 1.75 డాలర్లు), పాత టైర్లు మోసే బండికి అనుమతి, ఎక్కడెక్కించి ఎక్కడ దింపారో రాసే చీటీ, ఒకచోట ఇన్నికంటే ఎక్కువ పెట్టకూడదన్న హద్దు.

వాళ్లు తప్పులు చేయలేదని కాదు. టెక్సాస్ 1990ల్లో టైరును తురిమిన వాళ్లకు డబ్బిచ్చే పథకం పెట్టింది. తురమడానికి డబ్బు వస్తుంది, తురిమింది కొనేవాడు లేడు. టైరు గుట్టల చోట తురుము గుట్టలు లేచాయి. 1991లో అమెరికా కేంద్ర చట్టం, ప్రభుత్వ సొమ్ముతో వేసే తారు రోడ్లలో రబ్బరు పొడి కలిపి తీరాలని శాసించింది. రాష్ట్రాలూ కాంట్రాక్టర్లూ ఎదురు తిరిగితే 1995లో ఆ షరతు ఎత్తేశారు. అయినా గుట్టలు తగ్గాయి. లెక్క రాసే అలవాటు రాష్ట్రాలకు వచ్చింది కనుక.

టైరుతోపాటు దోమ కూడా ఓడలెక్కి ప్రయాణం చేసింది. ఆసియా పులిదోమ 1985లో టెక్సాస్‌లోని హ్యూస్టన్ దగ్గర పాతుకుపోయింది. ఆసియా నుంచి దిగుమతైన పాత టైర్ల నీటిలోనే అది అక్కడికి చేరిందని తేల్చారు.

మన దేశంలో కథ మొదలైంది గుట్ట దగ్గర కాదు, కొలిమి దగ్గర. గాలి తగలకుండా టైరును నాలుగైదు వందల డిగ్రీల వేడిలో పెడితే విడిపోయి నూనె, మసిపొడి, గ్యాసు, ఉక్కు తీగ వస్తాయి. దీన్నే పైరాలిసిస్ అంటారు. నూనెను ఫర్నేసుల్లో ఇంధనంగా కొంటారు. పద్ధతిగా చేస్తే తప్పేమీ లేదు. కానీ ఒక్కో విడత నింపి, కాల్చి, తెరిచే బ్యాచ్ డ్రమ్ముల్లో చల్లారకముందే మూత తీస్తే, ఆ మసి పనివాళ్ల ఊపిరితిత్తుల్లోకీ, చుట్టుపక్కల ఇళ్ల వంటగిన్నెల్లోకీ పోతుంది. ఈ డ్రమ్ములకు మేత చాలక విదేశాల పాత టైర్లు కూడా ఓడల్లో దిగాయి. 2016 ఏప్రిల్ 4న వచ్చిన ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో పాత టైరు 'ఇతర వ్యర్థాల' జాబితాలో ఉంది. ప్రమాదకరం అనలేదు, దిగుమతిని మాత్రం ఒక కట్టుబాటులో పెట్టారు.

2019లో ఒక స్వచ్ఛంద సంస్థ వేసిన కేసు మీద, పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఈ సంగతి తవ్వింది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్క ప్రకారం 19 రాష్ట్రాల్లో 637 టైరు నూనె యూనిట్లు ఉన్నాయి. వాటిలో నియమాలు పాటిస్తున్నవి 251, పాటించనివి 270, మూతపడినవి 116. ఆ కేసు ఒత్తిడి తర్వాతే 2022 జులై 21న కేంద్రం నిబంధనలు సవరించి తొమ్మిదో షెడ్యూలు చేర్చింది. టైరు చేసినవాడే దాని అంత్యక్రియల బాధ్యత మోయాలన్నది దాని సారం. 2020-21లో చేసిన లేదా దిగుమతి చేసిన కొత్త టైర్ల బరువులో 35 శాతానికి 2022-23లో, మరుసటి ఏడు 2021-22 బరువులో 70 శాతానికి, 2024-25 నుంచి రెండేళ్ల కిందటి బరువుకు నూటికి నూరు శాతానికి కంపెనీలు జవాబు చెప్పాలి. నూనె, మసిపొడి తీయడానికి పాత టైర్ల దిగుమతి పూర్తిగా నిషేధం. ఇది మంచి చట్టం. దీన్ని తక్కువ చేసి మాట్లాడితే తప్పవుతుంది.

అయితే ఆ బాధ్యత తీరే పద్ధతి చూడండి. కంపెనీ మనిషి కావలికి వచ్చి టైర్లు ఏరుకోనక్కర్లేదు. పోర్టల్లో పేరు నమోదు చేసుకున్న రీసైక్లరు ఇంత రబ్బరు పొడి చేశాను, ఇంత రీక్లెయిమ్డ్ రబ్బరు (మళ్లీ వాడేలా మెత్తబరిచిన పాత రబ్బరు) చేశానని చూపి సర్టిఫికెట్ తీసుకుంటాడు, కంపెనీ దాన్ని కొంటుంది. టన్నుల లెక్క కుదిరితే బాధ్యత తీరినట్టే. రీసైక్లరుకు టైరు ఎక్కడ దగ్గరగా, చౌకగా దొరికితే అక్కడే కొంటాడు. తిరుపతి జిల్లా చినపండూరులో అపోలో టైర్ల ఫ్యాక్టరీ 2020లో ఉత్పత్తి మొదలుపెట్టింది. అక్కడ పుట్టిన టైరు కావలిలో చచ్చినా, దాని లెక్క వేరే రాష్ట్రంలో వేరే టైరుతో తీరిపోవచ్చు. చట్టం దృష్టిలో రెండూ ఒకటే. షెడ్డు వెనక ఇంటివాళ్లకు ఒకటి కాదు.

మన జిల్లాల్లో ఈ తేడా ప్రాణం మీదికి వచ్చేది వానాకాలం చివర్లో. నెల్లూరుకు అసలు వాన ఈశాన్య రుతుపవనాలదే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. తుపాను తుపానుకూ గుట్టలోని ప్రతి టైరూ ఒక తొట్టి. డెంగీ మోసే ఈడిస్ దోమ గుడ్లు నీటి అంచుకు కాస్త పైన అంటిస్తుంది. నీళ్లు ఎండినా ఆ గుడ్లు నెలలపాటు చావవు, మళ్లీ వాన పడి నీటిమట్టం తాకగానే పొదుగుతాయి. టైరు లోపల చీకటి, ఎండ తగలదు, పారబోసేవాడు లేడు. శుక్రవారం డ్రైడే అని మన ఇళ్లలో పూలకుండీల కింద ప్లేట్లు తిప్పించే ఆశా కార్యకర్త, రెండొందల టైర్ల గుట్ట ముందు ఏం చేయగలదు? నేను చూసినరోజు అక్కడ ఒక్కో టైరును రెండు చేతులా ఎత్తి వంచడానికి ఒక మనిషి బలం చాల్లేదు.

వదిలించుకునే దారి దొరక్కపోతే జనం ఎంచుకునేది నిప్పే. భోగి తెల్లవారుజామున పాత చాపలు, విరిగిన కుర్చీలతోపాటు పిల్లలు టైర్లు దొర్లించుకుని వచ్చి మంటలో వేయడం మనందరికీ తెలుసు. మంట బాగా ఎగుస్తుంది కదాని పెద్దలూ ఊరుకుంటారు. రోడ్డు పనుల్లో తారు డ్రమ్ము కిందా అదే నిప్పు. ఆ నల్లపొగలో బెంజీన్, గంధకపు పొగ, క్యాన్సర్ తెచ్చే హైడ్రోకార్బన్లు, బూడిదలో జింకు. ఆరుబయట చెత్త తగలబెడితే 5 వేలు, పెద్ద ఎత్తున అయితే 25 వేలు జరిమానా అని హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే చెప్పింది. భోగి రోజు ఆ జరిమానా రాసే మనిషిని నేనింతవరకు చూడలేదు. రాయాలని కూడా నేననను. ఆ పిల్లాడి చేతికి టైరు అంత తేలిగ్గా దొరక్కుండా చేయడమే జరగాల్సిన పని.

అందుకు కొత్త చట్టం కోసం ఎదురుచూడక్కర్లేదు. పంక్చర్ షాపుకు, టైర్ల కొట్టుకు, పాత ఇనుప కొట్టుకు మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు ఇస్తుంది. రెన్యువల్ అప్పుడు రెండు గడులు అడిగితే చాలు: ఎన్ని పాత టైర్లు వచ్చాయి, ఎవరికి అమ్మారు. కొన్నవాడి బండి నంబరు రాస్తే ఆ బండి రిజిస్టరైన రీసైక్లరు గేటులోకి పోయిందా, ఊరి బయట నూనె తీసే డ్రమ్ము దగ్గర ఆగిందా అన్నది రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి కనిపెట్టగలదు. పైన రేకుల కప్పు లేకుండా ఇన్నికంటే ఎక్కువ పెట్టొద్దని హద్దు గీస్తే అక్టోబరు తొట్లు సగం తగ్గుతాయి. పంచాయతీల పరిధిలో హైవే పక్కనున్న షాపులకు ఇదే పని పంచాయతీ కార్యదర్శి చేయొచ్చు.

తిరిగొచ్చేటప్పుడు ఆ షాపాయనకు ఇదంతా చెప్పాను. ఆయన చేతులు తుడుచుకుంటూ విని, "రాయమంటే రాస్తామన్నా, మాకేం బరువు. టయానికొచ్చి ఎత్తకపోయేవోణ్ణి పంపించండి ముందు" అన్నాడు.