గూడ్సు బండి, గురుడి సుడి

విజయవాడ

బుజ్జికీ, చిన్నాకీ తాతయ్య ఆశీస్సులు.

"గురుగ్రహం మీద ఎర్రమచ్చ భూమికంటే పెద్దదట. టేపు పట్టుకుని ఎవరు వెళ్ళారు తాతయ్యా?" అని మొన్న ఫోన్లో అడిగారు కదా. అది నోటితో చెబితే తేలేది కాదు, అందుకే ఈ ఉత్తరం.

సంక్రాంతి సెలవుల్లో రైల్వే గేటు దగ్గర నిలబడి గూడ్సు పెట్టెలు లెక్కపెట్టాం, గుర్తుందా? యాభై దాటాక చిన్నా లెక్క తప్పాడు. అసలు పెట్టెలు లెక్కపెట్టే పనే లేదు. ఇంజను స్తంభాన్ని దాటడం మొదలుపెట్టినప్పటి నుంచి ఆఖరి పెట్టె దాటేదాకా 65 సెకన్లు పట్టిందనుకోండి. బండి సెకనుకు 10 మీటర్లు పోతుంటే దాని పొడవు 650 మీటర్లు.

గురుడి విషయంలోనూ ఇదే లెక్క. ఆ ఎర్రమచ్చ అంటే గురుడి మబ్బుల్లో సుడి తిరుగుతున్న పెద్ద తుఫాను. టెలిస్కోపులో కనిపించే బిళ్ళకు నడిమధ్యన నిలువుగా ఒక గీత ఊహించుకోవాలి. అదే మన స్తంభం. మచ్చ ముందు అంచు ఆ గీతను తాకినప్పుడు టైము రాసుకోవాలి, వెనక అంచు దాటినప్పుడు మళ్ళీ రాసుకోవాలి. 23 నిమిషాలు వచ్చిందనుకుందాం. మచ్చ గురుడితోపాటు ఒక చుట్టు తిరిగి రావడానికి పట్టేది సుమారు 9 గంటల 55 నిమిషాలు, అంటే 595 నిమిషాలు. మచ్చ ఉన్న చోట గ్రహం చుట్టుకొలత దాదాపు 4,20,000 కిలోమీటర్లు. దాన్ని 595తో భాగించి 23తో గుణించండి. 16 వేల కిలోమీటర్ల పైచిలుకు వస్తుంది. మన భూమి అడ్డుకొలత 12,742 మాత్రమే.

ఒక్క నిమిషం తప్పు రాశామా, 700 కిలోమీటర్లు తేడా! ఇక్కడి నుంచి హైదరాబాదు వెళ్ళి వచ్చినా ఇంకా మిగులుతుంది.

ఉత్తర దక్షిణాల వెడల్పుకు గడియారం పనికిరాదు, గ్రహం అటు తిరగదు కాబట్టి. దాన్ని ఫొటోలో గ్రహం పొడవుతో పోల్చి కొలవాలి. అక్కడా ఒక చిక్కుంది. గురుడు గుండ్రటి బంతి కాదు, పైనా కిందా నొక్కిన బత్తాయి.

అన్నిటికంటే పెద్ద తలనొప్పి అంచు. బ్యారేజీ కింద సుడి ఎక్కడ మొదలవుతుందో వేలుపెట్టి చూపించగలరా? నీళ్ళలో ఆకు వేస్తే తెలుస్తుంది. అంతరిక్ష నౌకల ఫొటోల్లో చిన్న చిన్న మబ్బులే ఆ ఆకులు. అవి ఎక్కడ అన్నిటికంటే జోరుగా తిరుగుతున్నాయో చూసి అదే అంచు అంటారు కొందరు. ఎర్రరంగు ఆగినచోటే అంచు అంటారు ఇంకొందరు. అందుకే అంచు ఏదో చెప్పకుండా కొలత మాత్రం చెబితే నేను నమ్మను.

ఆ మచ్చ చిక్కిపోతోంది కూడా. 1800ల చివర్లో పొడవు సుమారు 41,000 కిలోమీటర్లు. 1979లో వాయేజర్ నౌకలు చూసేసరికి 23,300. 2014లో హబుల్ అంతరిక్ష టెలిస్కోపుతో కొలిస్తే 16,500. దోసకాయలా ఉండేది కాస్తా గుండ్రబడుతోంది.

ఈసారి వచ్చేటప్పుడు సెకన్ల ముల్లున్న వాచీ తెచ్చుకోండి. నాది రోజుకు నాలుగు నిమిషాలు వెనకబడుతోంది.

మీ తాతయ్య