జర్మనీలో బడి తొలిరోజు పొట్లం: ఏటా రాజుకునే తగువుకు 1920లోనే మొదలు

జర్మనీలో వేసవి సెలవులు ముగిసే వేళకు, ఒకటో తరగతిలో చేరబోయే పిల్లల ఇళ్లకు బడి నుంచి ఒక ఉత్తరం వస్తుంది. ప్రవేశోత్సవం ఏ రోజు, ఎన్ని గంటలకు, పిల్లవాడు వెంట ఏమేమి తెచ్చుకోవాలి అన్న వివరాల కింద చాలా బడులు ఇప్పుడు మరో వాక్యం చేరుస్తున్నాయి: ఒక్కో పిల్లవాడితో ఇంతమందికి మించి రావద్దు. ఆ సంఖ్య కొన్నిచోట్ల రెండు, కొన్నిచోట్ల నాలుగు. తగువు ఆ వాక్యం దగ్గరే మొదలవుతుంది. తాతయ్యలు, అమ్మమ్మలు, నానమ్మలు, మేనత్తలు, బాప్తిస్మం నాడు బిడ్డకు అండగా నిలిచిన జ్ఞాన తల్లిదండ్రులు అందరూ కూడే రోజున మనుషుల్ని లెక్కపెట్టి పిలవడం ఏమిటని కుటుంబాలు నొచ్చుకుంటాయి. బడి పండుగ పెళ్లి సందడిగా మారిపోతున్నదని, ఆ సందడిలో పిల్లవాడే కనబడకుండా పోతున్నాడని ఉపాధ్యాయులు అంటారు. మాట అతిథుల దగ్గర మొదలైనా, కాసేపటికి పిల్లవాడి చేతిలోని పొట్లం మీదికి మళ్లుతుంది: అది ఎంత పొడవుండాలి, అందులో ఏముండాలి, దానికి ఎంత ఖర్చు పెట్టాలి.

ఆ పొట్లం మన ఊళ్లలో బఠాణీల బండివాడు కాగితం చుట్టి ఇచ్చే పొట్లం ఆకారంలోనే ఉంటుంది. కాకపోతే అట్టతో చేస్తారు, నేల మీద నిలబెడితే ఆరేళ్ల పిల్లవాడి ఛాతీ దాకా వస్తుంది. పైన అంచుకు ముడతల కాగితమో పల్చటి వల గుడ్డో అతికించి, నింపడం అయ్యాక దాన్ని కుచ్చులా దగ్గరికి తీసి రిబ్బనుతో కడతారు. తూర్పు జర్మనీలో దీన్ని ట్సుకర్‌ట్యూటె, అంటే చక్కెర పొట్లం అంటారు. పడమట షూల్‌ట్యూటె, అంటే బడి పొట్లం. మిఠాయిలు, చాక్లెట్లతో పాటు రంగు పెన్సిళ్లు, చిన్న బొమ్మ, ఒక్కోసారి చేతి గడియారం లోపల ఉంటాయి. సాక్సనీ, థురింగియా ప్రాంతాల్లో 19వ శతాబ్ది తొలినాళ్లలో ఈ ఆచారం కనబడిందని, 1817 నాటి యేనా పట్టణం ప్రస్తావన వాటిలో ప్రసిద్ధమని ఏటా పత్రికలు రాస్తూనే ఉంటాయి కనుక ఆ వివరాల్లోకి వెళ్లడం లేదు.

అయితే ఆ తొలి రోజుల ముచ్చట ఒకటి నేటి తగువుకు పనికొస్తుంది. పిల్లలకు అప్పట్లో చెప్పిన కథ ప్రకారం పొట్లం ఇచ్చేది అమ్మానాన్నలు కాదు. ఉపాధ్యాయుడి ఇంట్లోనో బడి నేలమాళిగలోనో ఒక చెట్టు ఉంటుందని, దానికి పొట్లాలు కాస్తాయని, అవి పండాయంటే పిల్లలు బడికి వెళ్లే వయసు వచ్చినట్లేనని చెప్పేవారు. డ్రెస్డెన్‌లో 1852లోనే ఈ పొట్లం పేరుతో, తొలిసారి బడికి వెళ్లే పిల్లల కోసం ఒక పుస్తకం అచ్చయింది. తాతలో, జ్ఞాన తల్లిదండ్రులో పిల్లల పేర్లు రాసిన పొట్లాలను ముందుగానే గుట్టుగా బడికి చేర్చేవారు. పిల్లలు వాటిని చెట్టు నుంచి తెంపుకొనేవారు. డబ్బు ఎవరిదైనా, పిల్లవాడి కంటికి ఇచ్చేది బడి. ఎవరి పొట్లం ఎవరి ఇంటి నుంచి వచ్చిందన్న మాట ఆ కథలో లేదు.

ఆ కథ తెర వెనక్కి జరిగి పొట్లం ఇంటి గౌరవంగా మారిన తీరును రచయిత ఎరిక్ కెస్ట్నర్ తన బాల్య జ్ఞాపకాల్లో చూపిస్తాడు. 1906 ఈస్టర్‌కు డ్రెస్డెన్‌లో అతడు బడిలో చేరాడు. తండ్రి గుర్రపు జీన్లు కుట్టే పనివాడు, సొంత దుకాణం నిలవక కర్మాగారంలో కూలికి కుదిరినవాడు. తల్లి ముప్పై దాటాక కేశాలంకరణ నేర్చుకుని ఇల్లు నడిపిన మనిషి. అయినా కొడుకు చేతిలో పట్టు రిబ్బను కట్టిన భారీ పొట్లం పెట్టింది. దాన్ని పొరుగునున్న ఆవిడకు చూపించాలని వెళ్లిన పిల్లవాడు తూలిపడ్డాడు, పొట్లం విరిగింది. మిఠాయిలు, ఖర్జూరాలు, అత్తిపళ్లు, నారింజలు, ఈస్టర్ కుందేళ్లు, బంగారు కాగితం చుట్టిన చాక్లెట్ పురుగులు, వాటి మధ్య చీలమండల దాకా మునిగి నిలబడిన పిల్లవాడు. ఒక పేద తల్లి ఎన్ని తలలు దువ్వితే ఆ పొట్లం నిండిందో చదివేవారికి చెప్పనక్కర్లేదు. నాలుగేళ్ల తర్వాత, 1910లో, అదే సాక్సనీలోని ఎర్ట్స్‌గెబిర్గె కొండల్లో కార్ల్ ఆగస్ట్ నెస్ట్లర్ ఈ పొట్లాలను పెద్దయెత్తున తయారు చేయించడం మొదలుపెట్టాడు. ఆయన పేరిట ఉన్న సంస్థ నేటికీ వాటిని లక్షల్లో చేస్తున్నది. ఇంట్లో చుట్టుకునే కాగితం దుకాణంలో కొనే సరుకైంది, సరుకుకు చిన్నా పెద్దా కొలతలు వచ్చాయి.

ఈ నేపథ్యం రాసేవారు సాధారణంగా నెస్ట్లర్ దగ్గర ఆగి, వ్యాపారమే ఆచారాన్ని పాడుచేసిందని తేల్చేస్తారు. అసలు మలుపు పదేళ్ల తర్వాత, 1920 ఏప్రిల్ 28న వచ్చిన ప్రాథమిక పాఠశాల చట్టంతో వచ్చిందని నా అభిప్రాయం. అంతవరకు, ముఖ్యంగా జర్మనీలో అతిపెద్ద రాష్ట్రంగా ఉండిన ప్రష్యాలో, కలవారి పిల్లలు ఫీజు కట్టి ఉన్నత పాఠశాలకు అనుబంధంగా ఉండే సన్నాహక తరగతుల్లో చేరేవారు; కూలివారి పిల్లలు సామాన్య ప్రజా పాఠశాలకు పోయేవారు. ఆరేళ్ల వయసులోనే దారులు వేరు. న్యాయవాది కొడుకు పొట్లం, గని కార్మికుడి కూతురి పొట్లం ఒకే ఆవరణలో పక్కపక్కన నిలబడే సందర్భం పెద్దగా రాలేదు. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక జర్మనీ రాసుకున్న 1919 నాటి వైమార్ రాజ్యాంగం 146వ అధికరణం ఆ గోడను కూల్చాలన్నది: పిల్లవాడు ఏ బడిలో చేరాలన్నది అతడి సామర్థ్యం, అభిరుచిని బట్టి ఉండాలే తప్ప తల్లిదండ్రుల ఆర్థిక, సామాజిక స్థాయిని బట్టో మతాన్ని బట్టో ఉండకూడదు. దాని ముందున్న 145వ అధికరణం ప్రజా పాఠశాలల్లో చదువూ, చదువుకు కావలసిన సామగ్రీ ఉచితమని చెప్పింది. ఆ మాటలను నేల మీదికి దించినదే 1920 చట్టం. మొదటి నాలుగేళ్లు అందరికీ ఒకే బడి.

అమలు సాఫీగా జరగలేదు. ప్రైవేటు సన్నాహక పాఠశాలలు గడువుల మీద గడువులు తెచ్చుకుని ఇంకా చాలా ఏళ్లు బతికాయి. అయినా ఆ చట్టం తెచ్చిన దృశ్యం నిలిచిపోయింది: ఏడాదికి ఒక్కరోజు, ఒక పేటలోని అన్ని ఇళ్ల ఆరేళ్ల పిల్లలూ ఒకే ఆవరణలో, ఒకే ఛాయాచిత్రం కోసం, చేతిలో పొట్లంతో నిలబడతారు. పుస్తకం ఉచితం, పాఠం ఉచితం, బల్ల అందరికీ ఒకటే. ఇంటి నుంచి తెచ్చుకున్నది పొట్లం ఒక్కటే, అదే అందరికీ కనబడేది. పొట్లం కొలత మీద, దాని వెంట వచ్చే మనుషుల సంఖ్య మీద ఇవాళ జరుగుతున్న వాదం ఆ ఆవరణలో పుట్టినదే. ఆ ఆవరణ అందరిదీ కాకుండా పోయిన కాలమూ ఉన్నది. 1938 నవంబరు 15న నాజీ ప్రభుత్వం యూదు పిల్లలను జర్మన్ బడుల నుంచి వెళ్లగొట్టింది. అంతకు కొద్ది ఏళ్ల ముందు అదే పొట్లం పట్టుకుని నవ్వుతూ నిలబడిన యూదు పిల్లల ఛాయాచిత్రాలు నేటికీ మిగిలి ఉన్నాయి.

యుద్ధకాలంలోనూ, యుద్ధం ముగిసిన ఆకలి రోజుల్లోనూ తల్లులు పొట్లం అడుగున పాత పత్రికలనో బంగాళాదుంపలనో కుక్కి, పైన మాత్రం దొరికిన కాసిని మిఠాయిలు పరిచేవారని ఆ తరంవాళ్లు చెప్పుకొంటారు. నింపడానికి ఏమీ లేనప్పుడు కూడా పొట్లాన్ని చిన్నది చేయలేదు. ఆవరణలో నలుగురికీ కనబడేది బయటి కొలతే కదా.

దేశం రెండుగా విడిపోయాక పొట్లం కూడా రెండు రూపాలు దాల్చింది. తూర్పున ఆరు పలకలతో 85 సెంటీమీటర్లు, పడమట గుండ్రంగా 70 సెంటీమీటర్లు మామూలు కొలతలు. తగువుకు సంబంధించినంతవరకు కొలత కంటే ముఖ్యమైనది రోజు. తూర్పున బడులు సెప్టెంబరు 1న తెరిచేవారు, ప్రవేశోత్సవం దానికి ముందు శనివారం జరిగేది. చర్చి వేడుకలు పక్కకు జరిగిన ఆ సమాజంలో బంధువులంతా కూడే సందర్భాల్లో అదొకటైంది. దూరపు ఊళ్ల నుంచి వచ్చేవారు, మధ్యాహ్నం భోజనాలు, సాయంత్రం దాకా కాఫీ, కేకులు. పడమట చాలా రాష్ట్రాల్లో అది పనిదినం. తల్లిదండ్రులు పూటసెలవు పెట్టి, చర్చిలో ప్రార్థన ముగించుకుని, పిల్లవాణ్ణి బడికి తెచ్చేవారు. పడమటి రాష్ట్రాల్లో బవేరియా మినహా చదువుల ఏడు ఈస్టర్‌కు మొదలయ్యేది. రాష్ట్రాలు తమలో తాము చేసుకున్న 1964 నాటి హాంబుర్గ్ ఒప్పందం దాన్ని వేసవి తర్వాతికి మార్చింది. ఆ మార్పు కోసం 1966, 1967ల్లో చాలా రాష్ట్రాలు రెండు కురచ విద్యాసంవత్సరాలు నడిపాయి. కెస్ట్నర్ పొట్లంలోని ఈస్టర్ కుందేలుకు అలా చోటు పోయింది, చాక్లెట్ ఆగస్టు ఎండలో కరిగే వస్తువైంది.

1990లో దేశం మళ్లీ ఒకటయ్యాక ఈ రెండు అలవాట్లు ఒకే దేశంలో పక్కపక్కకు వచ్చాయి. తూర్పు రాష్ట్రాల్లో నేటికీ శనివారమే, బెర్లిన్‌లోనూ అంతే. బవేరియా, నార్త్ రైన్–వెస్ట్‌ఫాలియా వంటిచోట్ల పనిదినమే. తూర్పున లైప్‌ట్సిగ్‌లో పెరిగి బవేరియాలోని మ్యూనిక్‌లో స్థిరపడిన తండ్రికి, తన చిన్ననాడు ఇరవైమంది వచ్చిన వేడుక కొడుకు వంతు వచ్చేసరికి మంగళవారం ఉదయం రెండు గంటల పనిగా కుదించుకుపోయినట్లు అనిపించడం సహజం. బంధువులు కలిసే రోజులే తగ్గిపోతున్న కాలంలో ఉన్న ఒక్క రోజునూ కత్తిరించవద్దని కుటుంబాలు కోరుతున్నాయి. ఆ కోరికలో తప్పు పట్టవలసినది లేదు.

బడులు చెప్పేది మాత్రం కాస్త వివరంగా వినాలి. ప్రాథమిక పాఠశాలల్లో చాలావాటికి ఉన్న పెద్ద గది వ్యాయామశాల ఒక్కటే. నాలుగు సెక్షన్లు, సెక్షన్‌కు పాతికమంది, ఒక్కొక్కరి వెంట ఆరుగురు అనుకుంటే అతిథులే ఆరు వందలమంది. అగ్నిప్రమాద నిబంధనలు అంతమందిని ఒప్పుకోవు. విడతలుగా జరిపితే ఉపాధ్యాయురాలు ఒకే స్వాగతాన్ని ఉదయం నుంచి నాలుగుసార్లు చెప్పాలి, రెండో తరగతి పిల్లలు ఒకే పాటను నాలుగుసార్లు పాడాలి. చేతులెత్తి ఫోన్లు పట్టుకున్న పెద్దల వెనుక, వేదిక మీద ఉన్న తన బిడ్డను చూడలేకపోయిన తల్లులూ ఉన్నారు. 2020 ఆగస్టులో కోవిడ్ వల్ల చాలాచోట్ల తల్లిదండ్రులను మాత్రమే రానిచ్చారు. కొన్నిచోట్ల ఆవరణలోనే ఆరుబయట జరిపారు. అదొక కొరత అని అప్పట్లో అందరూ బాధపడ్డారు. పిల్లలు మాత్రం ఆ ఏడాది తక్కువ బెదిరారని గమనించిన ఉపాధ్యాయులు, ఆంక్షలు ఎత్తేశాక కూడా సంఖ్యను పూర్తిగా వదలడానికి ఇష్టపడలేదు.

బడుల వైపు ఉన్న మరో మాట డబ్బు గురించి. సర్కారు సాయం మీద బతికే కుటుంబాల పిల్లలకు బడి సామగ్రి కోసం 2024–25లో ఇచ్చిన మొత్తం 195 యూరోలు: ఆగస్టులో 130, ఫిబ్రవరిలో 65. సంచీ, పుస్తకాలు, రంగులు, ఆటల బూట్లు, అన్నీ అందులోనే సర్దుకోవాలి. పొట్లానికి విడిగా పద్దు లేదు, అది చదువు సామగ్రి కాదు కనుక. అందుకే కొన్ని ఊళ్లలో ఆహార వితరణ సంఘాలు, చర్చి సేవాసంస్థలు నింపిన పొట్లాలు పంచుతున్నాయి. కొన్ని బాలవాడీలు అందరికీ ఒకే కొలత అట్ట తెప్పించి, తల్లిదండ్రుల్ని ఒక సాయంత్రం కూర్చోబెట్టి వాటిని చేయిస్తున్నాయి: రంగు కాగితం కత్తిరించి రాకాసిబల్లినో, రాకెట్‌నో, గుర్రాన్నో అతికించడం, బిడ్డ పేరు అక్షరాలు ఒక్కొక్కటే పేర్చడం. కొన్న పొట్లానికి, చేసిన పొట్లానికి తేడా ఆవరణలో ఇట్టే తెలిసిపోతుంది. అన్నీ చేసినవే అయినప్పుడు ఆ తేడాకు చోటుండదు.

మ్యూనిక్, ఫ్రాంక్‌ఫర్ట్, బెర్లిన్‌లలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగు కుటుంబాలకు కూడా ఈ ఉత్తరం అందుతున్నది. బాసరలోనో సొంత ఊరి గుడిలోనో పలక మీద ఓంకారం దిద్దించి అక్షరాభ్యాసం జరిపించిన పిల్లలకే వీరు మళ్లీ పొట్లం నింపుతున్నారు. 90 రోజుల వీసా మీద వచ్చిన అమ్మమ్మ, తాతయ్య ఆ సమయానికి అక్కడే ఉంటే, ఉత్తరంలో రాసిన సంఖ్య రెండా నాలుగా అన్నది వారికి పెద్ద విషయమే. నలుగురని ఉన్న ఇంట్లో ఊపిరి పీల్చుకుంటారు. ఇద్దరని ఉంటే తాతయ్య గేటు బయట నిలబడతారు.

ప్రవేశోత్సవంలో పాటలు, స్వాగతం ముగిశాక ఉపాధ్యాయురాలు పేర్లు చదువుతుంది, పిల్లలు ఒక్కొక్కరే లేచి ఆమె వెంట తరగతికి నడుస్తారు. పెద్దలెవరూ లోపలికి వెళ్లరు. ఆవరణలో పై తరగతుల తల్లిదండ్రులు కాఫీ, కేకు ఇస్తుంటే తీసుకుంటూ వేచి ఉంటారు. తొలి పాఠం అరగంటో ముప్పావుగంటో సాగుతుంది. పొట్లాలను ఇంటికి వెళ్లాకే విప్పాలన్నది వాడుక. కొన్నవి, చేసినవి, సేవాసంస్థ ఇచ్చినవి, అడుగున కాగితం కుక్కినవి, కుక్కనివి, అన్నీ రిబ్బను ముడితో గోడకు ఆనించి ఉంటాయి.