రైఫిల్ గ్రెనేడ్లు, లాంచర్లు, స్లింగులు: ఒక ఆర్మరర్ చెప్పే అపోహలు - వాస్తవాలు

నేను సైన్యంలో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు బాగుచేసేవాడిగా పనిచేశాను. సికింద్రాబాద్‌లో, సైన్యం యంత్రాలు, ఆయుధాల మరమ్మతు చూసే ఈఎంఈ విభాగం సెంటర్లో మొదలైన ఉద్యోగం అది. తుపాకీ పేల్చే జవానుకు గురి ముఖ్యం. పేల్చిన తర్వాత ఆ తుపాకీ ఏ స్థితిలో ఉందో చూసుకోవడం మా పని. రైఫిల్ గ్రెనేడ్ అంటే రైఫిల్ మూతి నుంచి పేల్చి పంపే గ్రెనేడ్. దాని గురించి జనం ఎంతసేపూ అది ఎంత దూరం పోతుంది, ఎంత విధ్వంసం చేస్తుంది అనే మాట్లాడుకుంటారు. ముప్పావు కిలో ఇనుప ముద్దను అంత దూరం తోసినప్పుడు, అంత బలమూ వెనక్కి తిరిగి చెక్క మీద, స్క్రూల మీద, స్లింగ్ (తుపాకీని భుజాన మోసే పట్టీ) తగిలించే రింగుల మీద పడుతుందన్న సంగతి మర్చిపోతారు. ఆ దెబ్బను ఎటు మళ్లించాలి అన్న తంటా చుట్టూనే ఈ ఆయుధం చరిత్ర నడిచింది. కోత్‌లో, అంటే ఆయుధాలు భద్రపరిచే గదిలో, కొత్త జవాన్లు అడిగినవీ, మ్యూజియంలో అద్దం అవతల నిలబడి జనం చెప్పుకునేవీ కొన్ని అపోహలు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: రైఫిల్ గ్రెనేడ్ మొదటి ప్రపంచ యుద్ధంలో పుట్టింది.

కాదు. 17వ శతాబ్దం నాటికే యూరప్‌లో గ్రెనేడ్లు విసిరే చేతి మోర్టార్లు ఉన్నాయి. మస్కెట్ మూతికి గిన్నెలాంటిది బిగించి ప్రయోగాలు కూడా చేశారు. మొదటి ప్రపంచ యుద్ధం చేసిందల్లా దాని అవసరాన్ని పెంచడం. ఎదురెదురు కందకాల మధ్య దూరం చేత్తో విసిరితే అందదు, అలాగని ప్రతిదానికీ ఫిరంగిని పిలవలేరు.

బ్రిటిష్ వాళ్లు మొదట వాడింది కడ్డీ గ్రెనేడ్లు. యుద్ధానికి ముందే మార్టెన్ హేల్ తయారుచేసిన రకం ఇది. గ్రెనేడ్ అడుగున పొడవాటి ఇనుప కడ్డీ ఉంటుంది. దాన్ని బారెల్‌లోకి దింపి, బుల్లెట్ లేని బ్లాంక్ తూటాతో పేలుస్తారు. సులువుగానే ఉంటుంది కానీ బారెల్‌ను చంపేస్తుంది. లోపల కడ్డీ ఆగిన చోట బారెల్ ఉబ్బిపోయేది. అలాంటి బారెల్‌ను వెలుతురు వైపు పట్టి లోపలికి చూస్తే, మెరుపు మధ్యలో నల్లటి ఉంగరం ఒకటి స్పష్టంగా కనిపిస్తుంది. ఆ ఉంగరం కనిపించిన రైఫిల్‌తో గురి చూసి కాల్చడం ఇక మానుకోవాల్సిందే. కడ్డీని వదిలి, రైఫిల్ మూతికి బిగించే కప్పు వైపు మళ్లడానికి ఇది పెద్ద కారణం.

అపోహ: రాగి తీగ చుట్టిన త్రీ నాట్ త్రీ (పాత .303 రైఫిల్) అంటే పగిలిపోతే అతుకు వేసిన రైఫిల్.

నాకు అన్నిటికంటే బాధ కలిగించే అపోహ ఇదే. ఎందుకంటే ఈ నమ్మకంతోనే కొందరు ఆ తీగ ఊడదీసి, చెక్కకు పాలిష్ పెట్టి 'బాగుచేశాం' అనుకుంటారు. దాంతో ఆ రైఫిల్ చరిత్ర చెరిగిపోతుంది.

అది జి.ఎఫ్. రైఫిల్, అంటే గ్రెనేడ్ ఫైరింగ్ రైఫిల్. మన దేశంలో ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారైన త్రీ నాట్ త్రీలు చాలా ఈ పనికి కేటాయించారు. సైన్యం తర్వాత పోలీసు బెటాలియన్లలోనూ ఇవి చాలాకాలం ఉన్నాయి. బారెల్ కింది చెక్క మీద తీగను సందు లేకుండా వరసగా చుట్టి, పైన టంకం పోస్తారు. దీనికి రెండు ప్రయోజనాలు ఉన్నాయి. గ్రెనేడ్ దెబ్బకు చెక్క నిలువునా చీలకుండా తీగ అదిమి పట్టుకుంటుంది. ఒకవేళ బారెల్ పగిలితే ముక్కలు ఎడమ చేతిలోకి దూసుకురాకుండా అడ్డుకుంటుంది. అంటే ఆ తీగను రాబోయే దెబ్బను తట్టుకోవడానికి ముందుగా చుట్టారు, జరిగిపోయిన నష్టానికి మరమ్మతుగా కాదు. ఇషాపూర్ రైఫిళ్లలో చెక్కకు అడ్డంగా ఒక స్క్రూ కూడా కనిపిస్తుంది. చెక్క విచ్చుకోకుండా పెట్టినదే అది కూడా.

ఇలాంటి వాటిలో కొన్నిటి మీద ఇంగ్లిష్ అక్షరాలు 'ఇ.వై.' అని ఉంటాయి. మామూలు బుల్లెట్ అత్యవసరమైతే తప్ప దీనితో కాల్చొద్దని ఆ గుర్తుకు అర్థం.

కప్పు గురించి కూడా కాస్త చెప్పాలి. మూతి దగ్గరి నోస్‌క్యాప్‌ను (చెక్క ముందు చివర ఉండే లోహపు తొడుగును) గట్టిగా పట్టుకునేలా బిగించే రెండున్నర అంగుళాల ఉక్కు గిన్నె అది. విలియం మిల్స్ 1915లో తెచ్చిన బాంబు నుంచి ఎదిగిన 36వ నంబరు గ్రెనేడ్, అడుగున గుండ్రటి పళ్లెం బిగిస్తే అందులో సరిగ్గా కూర్చుంటుంది. కప్పు పక్కన గ్యాస్ వదిలే కిటికీ ఒకటి ఉంటుంది. దాన్ని తెరిచేకొద్దీ దూరం తగ్గుతుంది, పూర్తిగా మూస్తే దాదాపు 200 గజాలు పోతుంది. ఇంకో తెలివైన సంగతి ఏమిటంటే, పిన్ను తీసినా గ్రెనేడ్ లివర్‌ను కప్పు గోడే పట్టి ఉంచుతుంది. గ్రెనేడ్ గాల్లోకి వెళ్లాకే లివర్ ఊడుతుంది, లెక్క అప్పుడు మొదలవుతుంది. చేత్తో విసిరేదానికి నాలుగు సెకన్ల ఫ్యూజు, కప్పులోంచి పంపేదానికి ఏడు సెకన్లది. ఈ రెండూ కలిసిపోకుండా చూడటం మన దగ్గర ఎంతోమంది స్టోర్ మనుషులకు రోజువారీ టెన్షన్. 36ఎం రకంలో ఆ 'ఎం' మెసొపొటేమియాకు గుర్తు. అక్కడి వేడికీ తేమకూ తట్టుకునేలా సీలు వేసిన గ్రెనేడ్ అది. దాన్ని మన సైన్యం దశాబ్దాలు వాడింది. దాని స్థానంలోకి నాగపూర్‌లో తయారైన మల్టీ మోడ్ గ్రెనేడ్లు రావడం 2021లో మొదలైంది.

అపోహ: గ్రెనేడ్ పెట్టాక ఏ తూటాతో పేల్చినా ఒకటే.

ఇది ప్రాణాలు తీసే అపోహ. ఏ గ్రెనేడ్‌కు ఏ తూటా అన్నది దాని నిర్మాణాన్ని బట్టే ఉంటుంది. కప్పులో 36వ నంబరు గ్రెనేడ్ ఉన్నప్పుడు వాడేది బ్యాలిస్టైట్ అనే మందు నింపిన బ్లాంక్ మాత్రమే. బుల్లెట్ ఉన్న తూటా పెడితే బుల్లెట్ నేరుగా గ్రెనేడ్ అడుగును కొడుతుంది.

మరి ఈ గందరగోళం ఎక్కడినుంచి వచ్చింది? ఫ్రాన్స్ నుంచి అనుకోవచ్చు. 1916లో వచ్చిన వివెన్-బెసియేర్ గ్రెనేడ్ మధ్యలో ఒక సొరంగం ఉంటుంది. సైనికుడు మామూలు తూటానే కాలుస్తాడు. బుల్లెట్ ఆ సొరంగంలోంచి దూసుకుపోతూ, దారిలో ఫ్యూజును అంటిస్తుంది. వెనక వచ్చే గ్యాస్ గ్రెనేడ్‌ను కప్పులోంచి తోస్తుంది. వేరే తూటా వెతుక్కునే పని లేదు. కందకంలో బురదలో చీకట్లో ఉన్నవాడికి అదెంత ఊరటో ఊహించుకోండి. రష్యాలో ద్యాకొనోవ్ లాంచర్ కూడా ఈ దారిలోనే నడిచింది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్లు, బ్రిటిష్ వాళ్లు మళ్లీ బ్లాంక్ పద్ధతే పట్టుకున్నారు. 1950లో కొరియా యుద్ధం మొదలైనప్పుడు ట్యాంకుల్ని ఆపడానికి హడావుడిగా పంపిన బెల్జియం ఎనర్గా గ్రెనేడ్‌కు కూడా బ్లాంకే కావాలి. ఆ తర్వాతి కాలంలో తోకలో మెత్తటి లోహపు బిళ్లలు పేర్చి, బుల్లెట్‌ను అక్కడే పట్టి ఆపేసే రకాలు వచ్చాయి. వాటికి మామూలు బుల్లెట్ తూటా సరిపోతుంది.

మూడు రకాలూ చూపుకు అన్నదమ్ముల్లా ఉంటాయి. ఒకదానికి చెల్లే తూటా ఇంకోదానికి మృత్యువు. పాత గ్రెనేడ్ ఎక్కడైనా దొరికిందని విన్నప్పుడు ముట్టుకోకుండా పోలీసులకు చెప్పమని నేను ఒత్తి చెప్పేది అందుకే.

అపోహ: సినిమాల్లోలా భుజానికి ఆనించి పేల్చేయొచ్చు.

కొన్ని తేలికపాటి గ్రెనేడ్లను, దగ్గర్లోని ట్యాంకు మీదకు, భుజం నుంచి కాల్చిన మాట నిజం. ఆ దెబ్బ తిన్నవాళ్లు రెండోసారి ఉత్సాహం చూపించరు. కప్పుతో పేల్చేటప్పుడు మామూలు పద్ధతి తుపాకీ మడమను, అంటే భుజానికి ఆనించే వెనక చివరను, నేలకు ఆనించడమే. నేల గట్టిగా ఉంటే మడమ కింద చెక్క పగులుతుంది, మరీ బురదగా ఉంటే తుపాకీ దిగబడి గురి తప్పుతుంది. ఇసుక బస్తా వాడేది దీనికే.

జపాన్ వాళ్ల టైప్ 89 గ్రెనేడ్ డిశ్చార్జర్, అంటే గ్రెనేడ్లు విసిరే చిన్న మోర్టార్, దీనికి చేదు ఉదాహరణ. దాని కింది పళ్లెం వంపు తిరిగి ఉండటం చూసి, దాన్ని తొడ మీద పెట్టుకుని పేలుస్తారని మిత్రదేశాల సైనికులు అనుకున్నారు. అలా చేసి చూసినవాళ్ల తొడ ఎముక విరిగింది. ఆ వంపు నేలకో చెట్టు మొద్దుకో ఆనించడానికి.

అపోహ: సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌తో అయితే మామూలుగా నొక్కేయడమే.

గ్యాస్‌తో నడిచే రైఫిల్‌లో గ్రెనేడ్ పేల్చే ముందు ఆ గ్యాస్ దారి మూయాలి. లేకపోతే లోపలి భాగాలు విపరీతమైన వేగంతో వెనక్కి కొట్టుకుంటాయి. మన సైన్యం వాడిన ఎస్‌ఎల్‌ఆర్ రైఫిల్‌లో గ్యాస్ ప్లగ్‌ను తిప్పి పెట్టేది దీనికోసమే. ఆ తర్వాత వచ్చిన ఇన్సాస్ రైఫిల్‌లోనూ గ్యాస్ ఆపే ఏర్పాటు ఉంది. అమెరికన్ గరాండ్ రైఫిల్‌కు వచ్చిన ఎం7 లాంచర్ బిగించగానే గ్యాస్‌ను తనే వదిలేసేది. అయితే లాంచర్ ఉన్నంతసేపూ రైఫిల్‌ను ప్రతిసారీ చేత్తో లోడ్ చేసుకోవాలి. యుద్ధం మధ్యలో అది ఎంత నరకమో చెప్పక్కర్లేదు, తర్వాతి రకాల్లో సరిచేశారు. నాకు నచ్చింది యుగోస్లావియా ఎం59/66 రైఫిల్. గ్రెనేడ్ సైట్‌ను పైకి లేపితే గ్యాస్ దారి మూసుకుంటుంది. మనిషి మర్చిపోయే అవకాశాన్నే తగ్గించిన డిజైన్ అది.

అపోహ: స్లింగ్ అంటే భుజాన తగిలించుకునే పట్టీ, అంతే. లాంచర్‌తో దానికి సంబంధం లేదు.

ముందు ఒక చిన్న గజిబిజి తీర్చేస్తాను. మిల్స్ బాంబు, మిల్స్ వెబ్ స్లింగ్ ఒకే మనిషివని చాలామంది నమ్ముతారు. బాంబు తయారుచేసిన విలియం మిల్స్ బ్రిటిష్ ఇంజనీర్. బ్రిటిష్ సైన్యానికి 1908 నమూనా నేత బెల్టులు, పట్టీలు ఇచ్చిన మిల్స్ ఎక్విప్‌మెంట్ కంపెనీ పేరు అమెరికన్ సైనికాధికారి ఆన్సన్ మిల్స్‌ది. ఇద్దరికీ పేరు తప్ప ఏ సంబంధమూ లేదు.

ఇక అసలు విషయం. త్రీ నాట్ త్రీ మధ్య బ్యాండ్‌ను దగ్గరగా చూడండి. బారెల్‌నూ చెక్కనూ కలిపి పట్టే ఉక్కు పట్టీ అది. దాని రెండు చెవుల్ని బిగించే స్క్రూ మీదే ముందు స్లింగ్ రింగు వేలాడుతుంది. అంటే స్లింగ్ తగిలించే చోటు, రైఫిల్ ముందు భాగాన్ని బిగించే చోటు ఒకటే. గ్రెనేడ్లు పేల్చిన రైఫిల్ కోత్‌కు తిరిగి వచ్చినప్పుడు బారెల్ తుడిచే చిందీ (గుడ్డ పీలిక), పుల్‌త్రూ (దాన్ని లోపల లాగే తాడు) తీయకముందే నా చెయ్యి ఆ రింగు మీదకు వెళ్లేది. రింగు అటూ ఇటూ తిరగాలి, అది దాని స్వభావం. కానీ దానితోపాటు బ్యాండ్ కూడా కదిలితే స్క్రూ వదులైందని అర్థం. వదులైన బ్యాండ్‌తో మళ్లీ గ్రెనేడ్ పేలిస్తే చెక్క చీలడం అక్కడే మొదలవుతుంది. స్లింగ్ రింగు మార్చమని ఇస్తే స్క్రూను సరిగ్గా బిగించకుండా తిరిగి ఇచ్చేసేవాళ్లను చూశాను. అది చిన్న పని అనుకోవడమే తప్పు.

వెనక రింగు మడమ అడుగు అంచున ఉంటుంది. రైఫిల్‌ను నేలకు ఆనించినప్పుడు వదులుగా ఉన్న స్లింగ్ మడమ కిందకు చేరిందంటే తుపాకీ కొద్దిగా ఒరుగుతుంది. కప్పు కోణంలో కొంచెం తేడా వచ్చినా గ్రెనేడ్ పడే చోటు ఎన్నో గజాలు మారిపోతుంది. ఉస్తాదులు (శిక్షణ ఇచ్చేవాళ్లు) స్లింగ్ విషయంలో అంత పట్టుపట్టేది క్రమశిక్షణ కోసమని జవాన్లు గొణుక్కుంటారు. నిజానికి ఆ పట్టుదల గురి కోసం. గురి చూసి కాల్చేటప్పుడు చేతికి చుట్టుకునే స్లింగ్‌ను గ్రెనేడ్ పేల్చేటప్పుడు చుట్టుకోకూడదన్నది కూడా ఇందులో భాగమే. తుపాకీ వెనక్కి తన్నినప్పుడు ఆ చెయ్యీ దానితోపాటు పోతుంది.

బారెల్ కింద బిగించే లాంచర్లు వచ్చాక స్లింగ్‌కు కొత్త చిక్కు వచ్చింది. 1969లో వచ్చిన అమెరికన్ ఎం203లో లోడ్ చేయాలంటే లాంచర్ గొట్టాన్ని ముందుకు జరపాలి. ఎం16లో స్లింగ్ వేలాడేది కూడా సరిగ్గా ఆ దారిలోనే, ముందు సైట్ కింద. అందుకే లాంచర్ ఉన్న రైఫిళ్లలో స్లింగ్‌ను పక్కకో పైకో మార్చుకోవాల్సి వచ్చింది. దీనివల్ల తుపాకీ ఛాతీ మీద వాలే తీరూ మారింది. సోవియట్ జీపీ-25లో గ్రెనేడ్‌ను మూతి వైపు నుంచే పెడతారు కాబట్టి ఈ తంటా లేదు. వాళ్లకు దెబ్బ భుజం మీద ఎక్కువైంది, అందుకని మడమకు పట్టీతో కట్టే రబ్బరు ప్యాడ్ ఒకటి లాంచర్‌తోపాటే ఇచ్చారు.

పట్టీ ఏకంగా గురి సాధనం అయిన సందర్భం కూడా ఉంది. దక్షిణాఫ్రికా వాళ్ల 60 మి.మీ. ఎం4 కమాండో మోర్టార్ స్లింగ్ మీద దూరాల గుర్తులు ఉంటాయి. కావలసిన దూరం గుర్తు మీద కాలు పెట్టి, పట్టీ బిగుతయ్యేదాకా గొట్టాన్ని లేపితే కోణం కుదిరినట్టే. ఇది రైఫిల్ లాంచర్ కాదు, దాని దగ్గరి బంధువు. అయినా స్లింగ్ ఉత్త పట్టీ అనేవాళ్లకు నేను ముందుగా చెప్పేది దీని గురించే.

అపోహ: 40 మి.మీ. లాంచర్లు వచ్చాక రైఫిల్ గ్రెనేడ్ల కథ ముగిసింది.

1961లో సేవలోకి వచ్చిన ఎం79 తర్వాత చాలా సైన్యాలు అటు మళ్లిన మాట వాస్తవమే. మన దగ్గర కూడా పుణెలోని ఆయుధ పరిశోధన సంస్థ ఏఆర్‌డీఈ రూపొందించిన 40 మి.మీ. లాంచర్ తిరుచిరాపల్లి ఫ్యాక్టరీలో తయారవుతోంది. అయితే లాంచర్ బరువు అవసరం ఉన్నా లేకపోయినా రోజంతా ఒకే జవాను మీద ఉంటుంది. మూతికి తొడిగే గ్రెనేడ్ అయితే సెక్షన్‌లో (జవాన్ల చిన్న దళంలో) ఎవరి దగ్గరైనా ఉండొచ్చు, ఎవరైనా పేల్చొచ్చు. ఈ లెక్కతోనే జపాన్ టైప్ 06 రైఫిల్ గ్రెనేడ్‌ను ఈ శతాబ్దంలో కొత్తగా తయారుచేసుకుంది. అది బుల్లెట్‌ను తోకలోనే పట్టి ఆపే రకం, కాబట్టి అక్కడి జవాను వేరే తూటా మోయక్కర్లేదు.